నాలుగో తొట్టికి కాపలా

చేపలంటే మామగారికి ప్రాణం. వచ్చిన చిక్కల్లా అదే. పొద్దున్నే తమ చేపల ఫారంలో నాలుగో తొట్టి దగ్గరికి వెళ్ళి, లావుపాటి చేపను వలతో పైకి లేపి, "ఏరా బొండాం, తిన్నావా?" అని బుగ్గలు నొక్కి మళ్ళీ నీళ్ళలో వదుల్తారు. అలా ఓ యాభై చేపల్ని పలకరిస్తే గానీ ఆయనకు కాఫీ సయించదు.

చేపల డాక్టరైన కోడలికి మాత్రం దిగులు పట్టుకుంది. రెండుసార్లు టీకా వేసినా ఆ తొట్టిలో చేపలు జబ్బుపడి చచ్చాయి. "ఈసారీ చస్తే నీ ల్యాబు గదిలో మేత బస్తాలు వేయిస్తా" అని మామగారు తేల్చి చెప్పేశారు.

ఆమె వారానికోసారి నాలుగైదు చేపలకు మత్తిచ్చి, చుక్క రక్తం తీసి, మైక్రోస్కోపు కింద తెల్లకణాలు లెక్కపెడుతుంది. బెదిరిన చేప ఒంట్లో రోగంతో పోరాడే కణాలు పలచబడతాయి. అప్పుడు టీకా వేసినా అందుకునే నాథుడుండడు. ప్రతివారం అవి పలచగానే కనిపించాయి. మామగారు ఊరెళ్ళిన వారం మాత్రం గుంపులుగా చేరి పండగ చేసుకున్నాయి.

ఈ మాట ఆయన మొహం మీద ఎలా చెప్పడం?

మూడో టీకా వేసిన రోజు ఆమె అమాయకంగా మొహం పెట్టింది.

"మామయ్యా, చేపలు బెదిరితే టీకా పట్టదు. మూడు వారాలు తొట్టి మీద ఈగను కూడా వాలనివ్వకూడదు. పనివాళ్ళు నా మాట వింటారా? మీరు గేటు దగ్గర కూర్చుంటే..."

"ఎవడొస్తాడో నేనూ చూస్తా!" అన్నారాయన మీసం దువ్వుతూ.

అన్నట్టే గేటు దగ్గర కుర్చీ వేసుకున్నారు. మేత వేసేవాడి చేత చెప్పులు విప్పించి మునివేళ్ళ మీద నడిపించారు. రక్తం కోసం వచ్చిన కోడల్ని సైతం "ఎంతసేపు?" అని నిలదీశారు. నవ్వాపుకోవడం ఆమెకు గగనమైపోయింది.

మూడు వారాల్లో ఒక్క చేపా చావలేదు. స్లైడు నిండా తెల్లకణాలే. మామగారు ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి చూశారు.

"చూశావా, నా కాపలా!"

"అంతా మీ చలవే మామయ్యా."

ఆయన చూస్తూనే ఉన్నారు. కాసేపటికి గొంతు తగ్గింది. "మరి ఇన్నాళ్ళూ వీటిని హడలగొట్టింది ఎవడమ్మా?"

ఆమె పక్కనున్న ఖాళీ స్లైడును తుడిచి, మళ్ళీ తుడిచింది. గెలిచానన్న సంబరం పోయి, ఆయన మీద జాలేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన వల తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "నీ దగ్గరే ఉంచు. నేనడిగినా ఇవ్వకు."

రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "బొండాం ఒక్కణ్ణి పలకరించడానికైనా?"

"ఇవ్వను మామయ్యా."