పాచి పట్టిన పెట్టెలు

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె గీకుడు రేకు పట్టుకుని డేటా గదిలోకి వెళ్లేది. ఏ ఆస్పత్రిలో ఏ రక్తం ఉందో అంతా ఆ గదిలోని డిస్కు పెట్టెల్లోనే ఉంటుంది. వాడేసిన రక్తం వివరాలు కొట్టేసినా అవి లోపలే చచ్చిపడి చోటు తింటాయి. వాటిని ఏరి పారేసే ప్రోగ్రాం నడపడం ఆమె ఉద్యోగం.

ముందు పాచి గీకాలి. ఎవరూ ముట్టుకోని పెట్టె మీద పచ్చగా పాచి పడుతుంది. లోపల ఒక్క వివరం కొట్టేసినా ఆ పాచి పొడిపొడిగా రాలిపోతుంది. చొక్కాలకు మరకలవుతున్నాయని తప్ప దాని గురించి ఎవరికీ వేరే ఫిర్యాదు లేదు. పాచి ఉంటే శుభ్రమెలా అవుతుందని మేనేజరు గీకుడు రూలు పెట్టాడు. గీకేశాక చెత్త ఎందులో ఉందో తెలియదు. అందుకని ప్రోగ్రాం చెత్త ఉన్న పెట్టెనీ లేనిదాన్నీ వదలకుండా తెరిచి చూసేది. అది ముగిసేదాకా రక్తం వెతుకులాట నత్తనడకే. పాచి గీకొద్దని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

ఆ రోజు మేనేజరు తొందరపెట్టి, గీకకముందే ప్రోగ్రాం మొదలుపెట్టించాడు. ఇంతలో మరిది ఫోన్.

"వదినా, కాన్పయింది గానీ మీ చెల్లికి రక్తం ఆగట్లేదు. తన గ్రూపు ఇక్కడ లేదు. ఎక్కడుందో చూద్దామంటే కంప్యూటర్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉందట!"

ఆమె మేనేజరు గదికి పరిగెత్తింది. "సార్, ఆపేద్దాం. పాచి ఉన్నవాటిలో తీసేందుకు ఏమీ లేదు. మిగతావి చూస్తే చాలు."

"అన్నీ చూడాల్సిందేనమ్మా, రూలు రూలే. అయినా ఇంకా గీకలేదేంటి?"

ఆమెకు ఒళ్లు మండింది. "మీరే గీక్కోండి" అని రేకు అతని బల్ల మీద పడేసి, వెనక్కి వెళ్లి ప్రోగ్రాం ఆపేసింది. పాచి లేని పెట్టెల నంబర్లు మాత్రమే ఇచ్చి మళ్లీ నడిపింది. అన్ని వందల పెట్టెల్లో అలాంటివి గుప్పెడే. మేనేజరు అరుచుకుంటూ వచ్చేసరికే పని అయిపోయింది.

సాయంత్రం మరిది మళ్లీ ఫోన్ చేశాడు. "పక్క వీధి ఆస్పత్రిలోనే ఉంది వదినా. ఎక్కించారు. గండం గడిచింది."

ఆమె పెట్టెల మధ్య నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మంచే జరిగింది కదమ్మా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు మేనేజరు.

"నా మరిది దగ్గర నా నంబరుంది సార్. ఇన్నేళ్లూ ఆ చక్రం చూస్తూ కూర్చున్నవాళ్ల దగ్గర ఎవరి నంబరుంది?"