చలి తిన్న గోధుమ

"పక్కూరి వాళ్ళు వేసిన రకమే వేద్దాం. తొందరగా కోతకొస్తుంది," అని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు దేగుయ్. అతని భార్య రుయ్‌ఫెన్ ఆవిరి రొట్టెలకి పిండి పిసుకుతోంది.

"వసంతంలో మంచు కొట్టి మన పొలంలో తాలుపోయింది అదేగా? ఈసారీ పోతే తినే పిండి కూడా కొనుక్కోవాలి."

"నీకెందుకు? రొట్టెల సంగతి చూడు."

దేగుయ్ ఏడాదంతా జెంగ్‌జౌ నగరంలో మేడలు కట్టే పనిలో ఉంటాడు. చలికి ముందు విత్తడానికీ, ఎండాకాలం కోతకీ మాత్రం యజమానిలా దిగుతాడు. నడుమ నీళ్ళు, ఎరువు, కలుపు, అన్నీ ఆమెవే. నడి చలికాలంలో పైరు తొక్కడమూ ఆమె పనే. లేత మొలకల్ని తొక్కితే పిలకలు ఎక్కువేస్తాయి. "ఆడదీ గోధుమా ఒకటే, తొక్కితేనే ఏపుగా పెరుగుతాయి," అని చనిపోయిన మామగారు ఏటా పరాచికమాడేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని ఆమె కూడా నవ్వేది.

పోయిన చలికాలం అలా తొక్కుతూనే గట్టు పక్కన ఆగిపోయింది. విత్తులప్పుడు పుట్టింటి నుంచి తెచ్చిన గుప్పెడు గోధుమలు అక్కడే చల్లిపెట్టింది. మంచు తోసి చూస్తే ఆకులన్నీ మాడిపోయి ఉన్నాయి. చచ్చిందనుకుని గోటితో పెళ్ళగించింది. గోరు విరిగింది గానీ, రాయిలాంటి ఆ మట్టిలో, వేరు మొదట్లో, ఆవగింజంత పచ్చదనం. చలి తగలకపోతే ఈ జాతి వెన్నే వేయదని అమ్మ చెప్పేది. ఇంత చిన్న ప్రాణానికి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు లేవాలో ఎవరు చెప్పారు? తొక్కే ఏ కాలూ చెప్పలేదు. దాని బలం దానిదే. ఆ మాట తోచగానే మంచులో కూలబడి ఏడ్చింది, దుఃఖంతో కాదు. వసంతంలో మంచు మళ్ళీ వచ్చి పొలమంతా వెన్నులు తెల్లబడి తాలుపోయినప్పుడు, ఆ గుప్పెడు పైరు ఇంకా వెన్ను పొటమరించే పొట్ట దశకే రాలేదు. అందుకే మంచు దెబ్బ తప్పించుకుని గింజ కట్టింది.

దేగుయ్ విత్తే ట్రాక్టరు మాట్లాడడానికి వెళ్ళగానే ఆమె పిండి చేతులతోనే పుట్టింట్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. "పొలానికి సరిపడా మన గోధుమ విత్తనం తీసి ఉంచు. ఇప్పుడే బయల్దేరుతున్నా."

గుమ్మంలో అత్తగారు అంతా విన్నది.

"వాడికి చెప్పావా?"

"చెప్పలేదు. విత్తేటప్పుడు చూస్తాడుగా." రుయ్‌ఫెన్ చేతులు తుడుచుకుంది. "అత్తయ్యా, మీరైతే ఏ గోధుమ వేస్తారు?"

ముసలావిడ పొలం వైపు తిరిగింది.

"ఈ ఇంటికొచ్చాక నన్నా మాట ఎవరూ అడగలేదే," అని, బూట్లు వెతుక్కుంది. "ఉండు. ఆ విత్తనం చూసి చెప్తాను, నేనూ వస్తా."