మొదటి గుక్క

దుర్గాంబ కడుపులో గడ్డ ఉందని డాక్టర్లు చెప్పకముందే, ఆ పని చేసిందెవరో తేలిపోయింది. తేల్చినవాడు నందిగామ అవతల ఊళ్లో మందు కక్కించే పుల్లయ్య. పొద్దున్నే ఏం తాగుతావని ముందే అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత పసరు పోసి, వీపు మీద నాలుగు చరిచి, ఆవిడ కక్కినదాంట్లోంచి వెంట్రుకల ఉండ ఒకటి తీసి చూపించాడు.

"ఇదమ్మా నీకు పెట్టిన మందు. జావలో కలిపారు. రోజూ చేతికిచ్చే మనిషే," అన్నాడు.

ఆ ఉండ వాడి వేళ్ల సందులోంచే వచ్చిందని చంటిపిల్లకైనా తెలుస్తుంది. అనుమానం పట్టిన మనిషికి మాత్రం తెలియదు.

రోజూ జావ ఇచ్చేది తోడికోడలు కృష్ణప్రియ. జగ్గయ్యపేటలో వాళ్లిద్దరి ఇళ్లకూ ఒకటే పెరడు. దుర్గాంబకు షుగరు వచ్చిన దగ్గర్నుంచి, నాలుగేళ్లుగా, ఆరున్నరకల్లా స్టీలు గ్లాసులో రాగిజావ తెచ్చేది. ఇప్పుడు తిరగేసి చూసుకుంటే దుర్గాంబకు అంతా తేడాగానే కనిపించింది. తను తాగేదాకా పక్కనే నిలబడేదెందుకు? గ్లాసు తనే కడిగేదెందుకు? ఇంకొకరి కోసం అంత పొద్దున్నే లేవడమెందుకు? ప్రేమతో అయ్యుండొచ్చని ఒక్కసారైనా తట్టిందా అంటే, లేదు.

జావ మానేసింది. పుల్లయ్య పసరు మాత్రం నాలుగు నెలలు తాగింది. కడుపునొప్పీ, విరేచనంలో నెత్తురు పడటమూ ఆగలేదు. మొగుడు భవానీప్రసాద్ పోట్లాడి బెజవాడ తీసుకెళ్తే, పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ అన్నారు. అప్పుడూ దుర్గాంబ ఒకటే పట్టు పట్టింది. కృష్ణప్రియ వేదాద్రి నరసింహస్వామి ముందు ప్రమాణం చేస్తేనే తాను ఆపరేషన్‌కు వస్తానంది.

"చేస్తాలే అక్కా," అంది కృష్ణప్రియ.

మార్గశిరం చలిలో కృష్ణలో మునిగి, తడిబట్టలతో గుడి ముందు నిలబడి, తానేమీ పెట్టలేదని చెప్పింది. చలికి గొంతు వణికింది. దుర్గాంబ దాన్ని తప్పు చేసిన భయమనుకుంది. ఏం మనసో చూడండి.

ఆపరేషన్ అయ్యాక గడ్డలో ఒక ముక్క, దానికి దూరంగా ఉన్న మంచి పేగు ముక్క, కాస్త రక్తం పరిశోధనకు ఇస్తారా అని అడిగారు. దుర్గాంబ రెండో మాట లేకుండా సంతకం పెట్టింది. పెట్టిన మందేదో అందులో బయటపడుతుందని ఆవిడ ఆశ.

ఎనిమిది నెలలకు కబురొచ్చింది. బెజవాడ ఆస్పత్రి నుంచి నెలకోసారి నందిగామ వచ్చే డాక్టర్ సింధూర కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. దుర్గాంబ పట్టుబట్టి కృష్ణప్రియను కూడా వెంట తీసుకెళ్లింది, ఎదురుగానే తేలాలని.

"ఏం మందో తెలిసిందాండి?"

"మందు కాదండి. మనందరి కణాల్లో, జన్యువుల మధ్య, గెంతే ముక్కలు కొన్ని ఉంటాయి. చాలావరకు కదలకుండా పడుంటాయి. ఎప్పుడైనా ఒకటి తనలాంటి ముక్క ఇంకోటి తయారుచేసి వేరేచోట దూరుస్తుంది. మీ పేగు కణాల్ని హద్దులో పెట్టే జన్యువు మధ్యలో అలా ఒకటి దూరింది. అక్కణ్ణుంచి చెడటం మొదలైంది. క్యాన్సర్ వచ్చాక ఇక వాటికి పట్టపగ్గాల్లేవు. గడ్డలో అలాంటివి చాలా దొరికాయి."

"ఆ ముక్కని జావలో గానీ..."

"తిండిలోంచి రాదండి. అది మీ ఒంట్లోదే."

"పోనీ, పడుకున్నదాన్ని ఎవరైనా లేపారేమో. నాలుగేళ్ల నాడు."

సింధూర ఓపిగ్గా కాగితం తిప్పింది. "మిగతావన్నీ గడ్డలోనే ఉన్నాయి. మొదట దూరిన ఈ ఒక్కటి మాత్రం దూరంగా తీసిన మంచి ముక్కలోనూ ఉంది. రక్తంలో లేదు, అంటే ఒళ్లంతా ఉన్నది కాదు, పేగులోదే. పేగులో రెండు చోట్లా ఉందంటే, ఆ రెండూ ఒకే కణంగా ఉన్నప్పుడే దూరింది, చాలా పాతదండి. బహుశా మీ పేగు తయారయ్యేటప్పటిది. అప్పటికి మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నారు."

దుర్గాంబకు యాభై ఎనిమిది. కృష్ణప్రియకు నలభై నాలుగు. ఆ ముక్క గెంతేనాటికి ఈ మనిషి భూమ్మీద పడనే లేదు. దుర్గాంబ సిగ్గుతో చచ్చిపోయింది. తల ఎత్తలేదు.

తిరుగు బస్సులో పేట దగ్గర పడుతుంటే నోరు పెగిలింది.

"తప్పయిపోయింది ప్రియా. పొద్దున జావ తెస్తావా?"

"తెస్తాలే అక్కా." కృష్ణప్రియ కిటికీలోంచి చూస్తూనే అంది. "స్వామి ముందు తడిబట్టలతో చెప్తే నమ్మలా. కాగితం చెప్తే నమ్మావు. పోనీలే, ఏదోటి నమ్మావుగా."

మర్నాడు ఆరున్నరకు గ్లాసు వచ్చింది. దుర్గాంబ చెయ్యి చాపింది. కృష్ణప్రియ ఇవ్వలేదు. పెదవికి తగలకుండా పైకెత్తి ఒక గుక్క పోసుకుని, మింగి, అప్పుడు అందించింది.

"అదేంటే, వద్దు," అంది దుర్గాంబ.

"ఉండనీ అక్కా. రేపెప్పుడైనా కడుపులో నొప్పొస్తే, నేనూ తాగానని నీకు గుర్తుండాలి."

ఆవిడ తాగేదాకా నిలబడకుండా కృష్ణప్రియ తన వాకిట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు గ్లాసు దుర్గాంబే కడుక్కుంది.