అత్యవసర చీర

ఎద్దు లేని గానుగలా సామాన్ల బెల్టు తిరుగుతూనే ఉంది. గన్నవరంలో దిగినవాళ్లందరూ ఎవరి పెట్టె వాళ్లు లాక్కుని వెళ్లిపోయారు. గురవమ్మ మాత్రం ఆ ఖాళీ బెల్టును చూస్తూ నిలబడింది.

ఆమె కూతురు అఖిలతో కలిసి నాగపూర్ నుంచి తమ్ముడి కూతురి పెళ్లికి వస్తోంది. భర్త యలమంద అక్కడ పత్తి మిల్లులో మేనేజరు. మిల్లుకు సీజను కావడంతో ఆయనకు సెలవు దొరకలేదు. తల్లీకూతుళ్లు హైదరాబాదులో విమానం మారారు, పెట్టె మారలేదు. అఖిల పెట్టె బుద్ధిగా వచ్చేసింది. అందులో ఉన్నవి ప్యాంట్లు, జుట్టు ఆరబెట్టుకునే యంత్రమూ. ఏ పూటకు ఏది కట్టుకోవాలో నెలరోజులుగా ఆలోచించి గురవమ్మ సర్దుకున్న పట్టుచీరలు మాత్రం రానిదాంట్లో ఉన్నాయి.

"పదమ్మా, రేపు వాళ్లే ఇంటికి పంపిస్తారు," అంది అఖిల.

"కాగితం లేకుండా నేను కదలను."

కౌంటరులో కుర్రాడు పెట్టె గుర్తులు అడిగాడు.

"నీలం రంగు బాబూ. పిడికి ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టాను. నాలుగు పక్కలా పేరూ ఫోను నంబరూ రాశాను. పైనా కిందా కూడా రాసేదాన్నే, మావారు నవ్వుతారని ఊరుకున్నా."

కుర్రాడు నవ్వాపుకుని, సామాను రాలేదని కాగితం రాసి ముద్ర వేసి ఇచ్చాడు. గురవమ్మ అందులో తన పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఇంగ్లీషులో 'గు'కి ఒక్క యు బదులు రెండు ఓలు పెట్టినందుకు దిద్దించి మరీ బయటికొచ్చింది.

నిజానికి ఆమె దిగులు పెట్టె గురించి కాదు. పెట్టె లేదని తెలిసిన మరుక్షణం మరదలు సామ్రాజ్యం ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. సామ్రాజ్యం చెయ్యి పెద్దది, నోరు అంతకంటే పెద్దది. ఎప్పుడో ఒకసారి గురవమ్మకు తలనొప్పి మాత్ర ఇచ్చింది. ఆ మాత్ర సంగతి దర్శిలో ఉన్న చుట్టాలకు కూడా తెలుసు.

అనుకున్నట్టే అయింది. చిలకలూరిపేట దాటి ఊళ్లోకి వచ్చి, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ గురవమ్మ గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, అఖిల దారిలోనే ఫోనులో చెప్పేయడంతో సామ్రాజ్యం మడతపెట్టిన పట్టుచీర పట్టుకుని ఎదురొచ్చింది.

"బెంగపడబాక వదినా! నా చీర కట్టుకుందువుగాని. ఒక్కసారే కట్టాను. మీ తమ్ముడు నాకు కంచిలో కొన్నది."

వసారాలో వడియాలు ఎత్తుతున్న ఆడవాళ్లంతా తలెత్తి చూశారు. ఎల్లుండి పొద్దున శ్రీదివ్యను పెళ్లికూతుర్ని చేస్తారు. మొదటి నలుగు పెట్టేది మేనత్తే. ఆ మేనత్త మరదలి చీర కట్టుకుని పీట దగ్గర కూర్చుంటే, ఇక బతికినన్నాళ్లూ ఏ ఫొటో తీసినా "ఇదిగో, ఇది నా చీరే" అనే మాట వినాలి.

"చూద్దాంలే సామ్రాజ్యం," అంది గురవమ్మ, చీర అందుకోకుండా.

అప్పుడు గుర్తొచ్చినట్టుగా అఖిల అంది, "అమ్మా, టికెట్లు కొన్నప్పుడు ప్రయాణ బీమా కూడా తీసుకున్నాను కదా. పెట్టె ఆలస్యమైతే బట్టలు కొనుక్కోవడానికి వాళ్లే ఇస్తారు."

కుర్చీలో కూర్చుని కార్డుల మీద పేర్లు రాస్తున్న తమ్ముడు బుల్లయ్య కలం పక్కన పెట్టాడు. "బీమా సంగతి నన్నడుగు. అక్కా, మీ విమానంలో ఎంతమంది పెట్టెలు పోయినయ్యి?"

"నా ఒక్కదానిదే."

"అయితే రాదు." తీర్పు చెప్పేసి మళ్లీ కలం తీసుకున్నాడు.

"అదేంటి మామయ్యా?"

"నిరుడు వానలకి వాగు పక్కన నా మిరప చేను మునిగింది. కాయంతా కుళ్లిపోయింది. బీమా వాళ్లేమన్నారు? ఊరు మొత్తానికి లెక్క తీశాం, మిగతా చేలన్నీ బానే ఉన్నాయి, కాబట్టి మీ ఊళ్లో నష్టం లేదన్నారు. ఒక్కడికి పోతే పోయినట్టు కాదమ్మాయ్. అందరికీ పోవాలి."

"అది పంటల బీమా. ఇది వేరే."

"బీమా అంటే బీమాయే."

అయినా అక్క ముఖం చూసి ఊరుకోలేకపోయాడు. ఎదురింటి జక్రయ్య కూతురు ఆరాధన హైదరాబాదులో నర్సు. ఆ అమ్మాయీ అదే విమానంలో వచ్చిందని విని, అరుగు మీదికెళ్లి కేకేశాడు.

"ఒరేయ్ జక్రయ్యా! మీ అమ్మాయి పెట్టె వచ్చిందా?"

"వచ్చిందిరా!"

"అయ్యో, వచ్చిందా!"

"ఏరా, నా బిడ్డ పెట్టె వస్తే నీకేడుపేంట్రా?"

బుల్లయ్య ఉసూరుమంటూ లోపలికొచ్చాడు. గురవమ్మ డిగ్రీ చదివినదే, అయినా దెబ్బ తిన్న తమ్ముడి మాట కొట్టిపారేయలేకపోయింది. ఆ రాత్రి సామ్రాజ్యం చీరను మంచం కోడు మీదే వేసి వెళ్లింది. దాని జరీ వైపు చూడకూడదని గురవమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాటికీ పెట్టె రాలేదు. అఖిల బీమా వాళ్లకు ఫోను చేసి అందరికీ వినపడేలా పెట్టింది. అవతల ఒక ఆడమనిషి తెలుగులోనే మాట్లాడింది. గంటలు లెక్క చూసుకుని, ఆలస్యానికి పెట్టిన గడువు దాటిందనీ, అత్యవసరమైనవి వెంటనే కొనుక్కోవచ్చనీ చెప్పింది.

బుల్లయ్య ఫోను మీదికి వంగాడు. "అమ్మా, మిగతావాళ్ల పెట్టెలన్నీ వచ్చేసినయ్యి. ముందే చెప్పేస్తున్నా, తర్వాత మళ్లీ గొడవొద్దు."

"మిగతావాళ్ల పెట్టెలతో మనకేం పని సార్? పాలసీ మేడమ్‌ది కదా."

బుల్లయ్య ఫోను దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"మీరు ఎయిర్‌పోర్టు నుంచి బయటికి రాకముందే ఫిర్యాదు ఇచ్చారా మేడమ్?"

"ఇచ్చాను. పేరు కూడా దిద్దించాను," అంది గురవమ్మ, కూతురి వంక ఓరగా చూస్తూ. తర్వాత గొంతు సవరించుకుంది. "అమ్మా, పట్టుచీర అత్యవసరమేనంటారా?"

"వెంటనే కావలసిన బట్టలు, సబ్బులూ దువ్వెనలూ లాంటివి అని రాసుంది మేడమ్. పట్టు అనీ, నూలు అనీ రాయలేదు."

"పెళ్లికూతురికి మేనత్తను. మొదటి నలుగు నాదే."

"మాది నరసరావుపేటే మేడమ్. మేనత్త సంగతి నాకు తెలుసు." ఆమె నవ్వుతున్నట్టు వినపడింది. "కాగితమూ బిల్లులూ పంపండి, మావాళ్లు చూస్తారు. పరిమితి దాటితే ఆ పైది మాత్రం మీరే పెట్టుకోవాలి."

మధ్యాహ్నం తల్లీకూతుళ్లూ సామ్రాజ్యమూ చిలకలూరిపేటకు ఆటోలో వెళ్లారు. సామ్రాజ్యాన్ని ఎవరూ రమ్మనలేదు, కానీ ఆమె లేకుండా చీర కొనడం అనేది ఆ ఇంట్లో లేదు. పత్తి లారీల వెనక నిదానంగా వెళ్తూ, దారంతా, "ఇంట్లో చీర పెట్టుకుని కొట్టుకి పోవడమేంటో" అని అంటూనే ఉంది. కొట్టులోకి అడుగు పెట్టాక మాత్రం అన్నీ మరిచిపోయి, దొంతరలోంచి ముదురాకుపచ్చ మంగళగిరి పట్టు లాగి, "ఇదీ వదినా నీ రంగు," అంది. అది నిజమే కావడం గురవమ్మకు కొంచెం కష్టంగా అనిపించింది.

కొట్టాయన లెక్క వేస్తూ గొంతు తగ్గించాడు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానండి."

పుట్టి బుద్ధెరిగాక గురవమ్మ తగ్గింపు అడగకుండా కొత్తిమీర కట్ట కూడా కొనలేదు. "వద్దండీ. బిల్లే ఇవ్వండి."

"వదినా!" సామ్రాజ్యం ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒంట్లో బాగుందా?"

"తేదీ కూడా వేయండి. పేరు నేను చెప్తాను, చెప్పినట్టే రాయండి."

పెళ్లికూతుర్ని చేసే పొద్దున గురవమ్మ ఆకుపచ్చ చీరలో పీట దగ్గర కూర్చుని శ్రీదివ్య బుగ్గలకు మొదటి నలుగు పెట్టింది. ముందువరసలో ఎవరో ముసలామె కొంగు పట్టుకుని చూసింది. "బాగుందే, ఎక్కడ కొన్నావు?"

గురవమ్మ నోరు తెరిచేలోపే సామ్రాజ్యం అందుకుంది. "అది బీమా చీర పిన్నీ! విమానం వాళ్లు పెట్టె పోగొట్టుకుంటే, బీమా వాళ్లు మా వదినకి చీర పెడుతున్నారు. రంగు నేనే ఎంచాను!"

పందిరంతా ఆ మాట పాకింది. ఆడవాళ్లు వరసగా వచ్చి చీర ముట్టుకుని చూశారు, బీమా చీరకు పోగులు వేరేగా ఉంటాయేమోనన్నట్టు. మరదలి చీర తప్పింది గానీ మరదలి నోరు తప్పలేదని గురవమ్మకు అర్థమైంది. కోపం తెచ్చుకుందామనుకుంది, నవ్వొచ్చింది. నలుగు పిండి వేలితో సామ్రాజ్యం బుగ్గన కూడా ఒకటి రాసింది.

అప్పుడే వీధిలో వ్యాను ఆగింది. డ్రైవరు నీలం పెట్టె దించుతున్నాడు. అది చూసి బుల్లయ్య పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు.

"వద్దయ్యా! ఎక్కించెయ్, వెనక్కి తీసుకుపో! పెట్టె వస్తే బీమా పోతది!"

"మామయ్యా, పెట్టె పోయినందుకు కాదు, ఆలస్యమైనందుకే వాళ్లిచ్చేది!" అఖిల వెనకాలే పరుగెత్తింది. డ్రైవరు పెట్టె సగం దించి, సగం ఎత్తి, ఎవరి మాట వినాలో తెలియక నిలబడిపోయాడు.

అందరూ నవ్వారు. బుల్లయ్య కూడా నవ్వాడు గానీ, పెట్టె లోపల పెట్టించాక పందిరి రాటకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కన జక్రయ్య ఉన్నాడు.

"ఒరేయ్, ఒక్క పెట్టెకి ఇస్తారంటరా. మిగతావాళ్ల పెట్టెలతో పనే లేదంట," అన్నాడు బుల్లయ్య. "మరి నా ఒక్క చేను పోతే పోయినట్టు కాదా?"

దగ్గరలో పసుపు గిన్నె పట్టుకుని ఉన్న గురవమ్మ ఆ మాట విని ఆగింది.

జక్రయ్య ఆలోచించి, తలూపాడు. "ఈసారి చేనుని పెట్టెలో సర్ది విమానం ఎక్కించరా."