రాక్షసుడు గారి ఎత్తు

గుడివాడలో పద్యనాటకాల పోటీలు ఏటా పొద్దున పదింటికే మొదలవుతాయి. నందివాడ హైస్కూలు తెలుగు మాస్టారు పురుషోత్తం ఎనిమిదింటికే వచ్చి, ఉప్పునీళ్లు పుక్కిలించి, మేకప్ గదిలో కిరీటం సవరించుకుంటున్నాడు. పక్క బెంచీ మీద రాక్షసుడు గారు ఇడ్లీ తింటున్నారు.

ఆయన వేషగాడు కాడు, నిజం రాక్షసుడే. దివిసీమ మడ అడవుల్లో ఉంటారు. ఏ నాటక సమాజం పిలిచినా వెళ్తారు. ఆయనకంటూ ఒక ఎత్తు లేదు. ఎదుట నిలబడ్డ వీరుడి మనసు ఎంతుంటే స్టేజీ మీద ఆయన అంత; దిగాక కూడా, మళ్లీ ఇంకో ఆటకు ఎక్కేదాకా ఆ ఎత్తే. పాతతరం నటుడు పోతయ్య గారు వీరుడి వేషం కట్టిన రోజుల్లో రాక్షసుడు గారి కొమ్ములు పైకప్పు రేకులకు తగిలేవట.

“మాస్టారూ, చిన్న మనవి. మోకాళ్లు అరిగిపోయాయండి. ఈసారికి ఒక్కసారే చస్తాను.”

“ఎంతమాటండీ! వన్స్ మోర్ అని ఎంత అరిచినా నేను పాడితేగా!” అన్నాడు పురుషోత్తం. మనస్ఫూర్తిగానే అన్నాడు.

యుద్ధ రంగం వచ్చింది. రాక్షసుడు గారు ఏడడుగుల ఎత్తు లేచారు. మాస్టారు పద్యం ఎత్తుకుని, రాగం తీసి, గద దించాడు. హాలు ఊగిపోయింది.

“వన్స్ మోర్!”

ఇరవై ఏళ్లుగా మాస్టారు ఎదురుచూసిన కేక అది. కిందపడ్డ రాక్షసుడు గారు ఒక కన్ను తెరిచి, వద్దన్నట్టు చూశారు.

“మాటిచ్చావు కదా బావా,” అని గొణిగాడు, పొద్దున ఆ మాట విని ఇప్పుడు హార్మోనియం వాయిస్తున్న ఏలీయా.

“ఒక్కటేరా. శ్రుతి ఇయ్యి.”

రాక్షసుడు గారు మోకాళ్లు పట్టుకుని లేచారు. ఈసారి మాస్టారంతే ఉన్నారు. చచ్చారు. మళ్లీ వన్స్ మోర్. లేచేసరికి నడుమెత్తు. మాస్టారు చూస్తేగా, కళ్లు మూసుకుని రాగం సాగదీస్తున్నాడు. నాలుగోసారి కళ్లు తెరిస్తే, కుప్పగా జారిపోయిన నల్ల అంగీలోంచి మోకాలెత్తు మనిషి మెడ చాచి చూస్తున్నాడు.

“ఇంకోసారా మాస్టారూ?” అన్నారు రాక్షసుడు గారు. గొంతులో కోపం లేదు.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న మాస్టారి తొమ్మిదో తరగతి పిల్లలు తలలు దించుకున్నారు.

ఉత్తమ నటుడు పురుషోత్తమేనని మైకులో పిలిచినప్పుడు ఆయన అక్కడ లేడు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ కిరీటం పెట్టలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం తీయడం మరిచి, రాక్షసుడు గారిని చంకనెత్తుకుని, దివిసీమ వెళ్లే అవనిగడ్డ బస్సెక్కాడు.

“పిల్లాడే కదండీ, హాఫ్ టికెట్ చాలు,” అన్నాడు కండక్టరు.

సీట్లో రాక్షసుడు గారి కాళ్లు కిందికి అందడం లేదు.

“పెద్దాయనండీ,” అన్నాడు మాస్టారు. “ఫుల్లే కొట్టండి.”