ఒంటి చేతి దండం

నల్లచెలిమలో ఊరందరి బట్టలూ ఉతికే చాకలి జములమ్మ ఒక్క రుమాలును మాత్రం మూడేండ్లుగా నీళ్లలో ముంచలేదు. అది ఆమె మొగుడు బక్కయ్య తలకు చుట్టుకునే రుమాలు. దాని అంచున అరచేయంత నెత్తుటి మరక నల్లగా ఎండిపోయి ఉంది. చౌడు పట్టించి బానలో ఉడికిస్తే పోయే మరకే. పోవడం ఇష్టం లేకనే ఆమె దాన్ని కుండలో మడిచిపెట్టి, పైన మూకుడు బోర్లించింది.

బక్కయ్య చేసిన తప్పు ఇంతే. ఒకనాడు రేవు నుంచి తడి బట్టల మూట తల మీద పెట్టుకొని పటేలు బుచ్చారెడ్డి ఇంటి ముందుగా వచ్చాడు. పటేలు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పటేలు కంటబడితే ఆ ఊళ్లో ఎవరైనా సరే చెప్పులు విడవాలి, రెండు చేతులూ జోడించాలి, తల వంచాలి. బక్కయ్య ఒక చేత్తో మూటను పట్టుకొని, రెండో చేత్తో దండం పెట్టాడు. మూట వదిలేస్తే మట్టిలో పడేవి పటేలు ఇంటి పంచెలే.

"ఒంటి చెయ్యి ఊపుతున్నవారా నాకు?" అన్నాడు పటేలు.

మూట దింపించాడు. మండుటెండలో నడివీధిలో వంగోబెట్టించి, వీపు మీద బండ ఎత్తించాడు. పొద్దు గుట్ట మీదికి వాలేదాకా బక్కయ్య అట్లాగే ఉన్నాడు. మూడో రోజు ఆ రుమాలులోకి నెత్తురు కక్కుకొని కన్ను మూశాడు. ఆ తర్వాత నల్లచెలిమలో మాటలు రాని పిల్లలకు కూడా తల్లులు ముందు రెండు చేతులు జోడించడమే నేర్పారు.

జములమ్మ ఊరు విడిచిపోలేదు. ఊరి చాకిరీకి ఇచ్చిన చాకలి మాన్యం రెండెకరాలు ఉంది, దాన్ని విడిస్తే తినడానికి గింజ లేదు. పటేలు ఇంటి బట్టలూ ఆమే ఉతికింది. ఆ పంచెలను ఎట్లా బాదేదో ఏమో, ఊళ్లో అందరి పంచెలకంటే ముందే అవి చిరిగేవి. "ఈ మిల్లు గుడ్డ మంచిది కాదే" అని పటేలమ్మ వాపోతే, "అవును దొరసానీ, ఇప్పటి గుడ్డల్ల బలం లేదు" అని జములమ్మ మూట ఎత్తుకునేది.

యుద్ధం నడుస్తున్న కాలం. ఊళ్లల్లో పంచాయితీలు పెట్టాలని నిజాం సర్కారు హుకుం వచ్చింది. నాగర్‌కర్నూలు నుంచి తహసీల్దారు, అతని కింద లెక్కలు చూసే గిర్దావరు గుర్రాల మీద దిగారు. చావడిలో పెద్దమనుషులు కూర్చునే చోట ఉతికిన దుప్పట్లు పరవడం చాకలి పని. పరిచి, పక్కన స్తంభం చాటున నిలబడి జములమ్మ అన్నీ విన్నది.

తహసీల్దారు కొత్తగా వచ్చినవాడు. రూల్సు పుస్తకం చంకలో లేనిదే అడుగు వేయని మనిషి. పంచాయితీ పెద్దను ఊరి పట్టాదారులే ఎన్నుకోవాలని చెప్పాడు. చావడి ముందు సున్నంతో గీత గీస్తారు. గీత లోపల కూర్చున్నవాళ్లే లెక్క. పేరు పిలిచినప్పుడు ఒక్కొక్కరు ఒక చెయ్యి తలకు పైగా లేపాలి. ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వాళ్లు పెద్ద.

"పటేల్ సాబ్ ఒక్కరే అయితే చేతుల పని లేదు. ఇప్పుడే రాసుకొని పోతాను" అన్నాడు.

పటేలు ముఖం చిన్నబోయింది. సర్కారు మనుషులు చూస్తుండగా ఊరు ఊరంతా తన పేరు మీద కదలాలని అతని ఆశ. మీసం దువ్వుకొని చావడి బయటికి చూశాడు.

"ఎవడన్న ఉన్నడారా, నా మీద నిలబడేటోడు?"

బయట నిలబడ్డవాళ్లు చూపులు నేలకు దించారు.

"నేను నిలబడ్త పటేలా" అన్నది జములమ్మ స్తంభం చాటు నుంచి.

పటేలు ఆమెను ఎగాదిగా చూశాడు. "నిన్నెవరు పంపిండ్రే? ఊళ్లను మా మీదికి లేపే సంఘపోళ్లా?"

"నన్నెవ్వరు పంపలె. నా అంతట నేనే నిలబడుతున్న."

గిర్దావరు నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "పట్టా ఉందా నీకు?"

"చాకలి మాన్యం రెండెకరాలు. మా ఆయన పోయినంక నా పేర ఎక్కింది. ఎక్కించింది ఈ పటేలే."

తహసీల్దారు పుస్తకం తిరగేశాడు. "ఇందులో పట్టాదారు అనే ఉంది. ఆడా మగా అని లేదు" అన్నాడు.

పటేలుకు నవ్వు ఆగలేదు. తమలపాకు ఉమ్ము పొలమారి దగ్గాడు. "రాయుండ్రి సాబ్, రాయుండ్రి! ఊరు జర నవ్వుకోవాలె." నవ్వు అయిపోయాక వంగి, ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. "ఓట్లయిన తెల్లారి ఆ మాన్యం గుంజుకుంట. మూట నెత్తిన పెట్టుకొని ఊరు దాటాలె నువ్వు."

"నీ దయ పటేలా" అని ఆమె రెండు చేతులూ జోడించింది.

మర్నాడు రేవు దగ్గర కాపు రాములమ్మ కుండ దించి ఆమె మీద విరుచుకుపడింది.

"పిచ్చి లేసిందే నీకు? ఆ పటేలు ముందల నీకెవరు చెయ్యి లేపుతరే?"

"ఎవ్వరు లేపొద్దక్కా."

"మరెందుకు నిలబడ్డవే?"

జములమ్మ తడి పంచెను బండకేసి కొట్టింది. "మీ ఇంటాయనకు ఒక్క మాట చెప్పు. పటేలు పేరు పిలిచినప్పుడు రెండు చేతులు జోడించి, తల దించుకోమను. పటేలు ఎట్ల నేర్పిండో అట్లనే. గంతకంటె ఏం చెయ్యొద్దను."

 రాములమ్మ కుండ నింపుకోవడం కూడా మరచి ఇంటికి పోయింది.

పొద్దున్నే ప్రతి గడప ముందూ నిలబడి మాసిన బట్టలు అడిగే మనిషిని ఎవరు అనుమానిస్తారు? ఎనిమిది రోజులు జములమ్మ ఇల్లిల్లూ తిరిగి అదే మాట చెప్పింది. నాకు ఓటెయ్యండని ఒక్కరినీ అడగలేదు. మాదిగ యోసేపుకు పట్టా ఉంది, అతనికీ చెప్పింది. ఊళ్లో అందరికంటే ముసలివాడైన ఈరన్న మొదట బెదిరాడు.

"పటేలు అడిగితే ఏం జెప్పాలె బిడ్డా?"

"దండం పెట్టిన అని చెప్పు మామా. దండం పెట్టినందుకు కొడ్తడా?"

ఈరన్న పండ్లు లేని నోటితో నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు ఉంది, నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది.

ఎన్నికకు ముందురోజు పొద్దున పటేలు పెరట్లో బట్టలు మూటగడుతుంటే, లోపలి మాటలు విని జములమ్మ చేతులు ఆగిపోయాయి. గుమాస్తా గోవిందు మాట్లాడుతున్నాడు.

"పటేలా, ఒంటి చెయ్యి లేపితేనే లెక్కంట. మనోళ్లకు తెల్వదేమో. ఇయ్యాల దండోరా ఏయించి జర నేర్పుదామా?"

 ఇంతటితో అంతా అయిపోయినట్టే. మాన్యం పోయింది, ఊరు పోయింది, బక్కయ్య చావు ఉత్తదే అయింది.

"ఏంరా గోవిందూ" పటేలు గొంతు లేచింది. "నా ముందల ఒంటి చెయ్యి లేపమని ఊరికి నువ్వు దండోరా ఏయిస్తవా? గాడ్ది కొడుకులకు గా అలవాటు మాన్పడానికే ఒకణ్ణి పండబెట్టిన. నా పేరు పిలిస్తే ఏం చెయ్యాల్నో వాళ్లకు ఎరుకే."

"గది గాదు పటేలా…"

"నడువ్!"

జములమ్మ మూట ముడి బిగించింది. పండబెట్టిన అన్న మాటను పండ్ల మధ్య పట్టుకొని ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం కుండ మీది మూకుడు తీసింది.

తెల్లారి చావడి ముందు సున్నం గీత తెల్లగా మెరిసింది. అరవై ఒక్క మంది రైతులు లోపల దుమ్ములో గొంతుక్కూర్చున్నారు. అరవై రెండో మనిషి జములమ్మ. తలకు బక్కయ్య రుమాలు చుట్టుకొని, నెత్తుటి మరక నుదుటి మీదికి వచ్చేట్టు కట్టుకున్నది. పటేలు తహసీల్దారు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అతని తమ్ములూ బావమరుదులూ, గోవిందూ చావడి అరుగు మీద చాపలు వేసుకున్నారు. మాదిగలూ చాకళ్లూ కూర్చున్న దుమ్ములో వాళ్లు కూర్చుంటారా?

గిర్దావరు కాగితం తీశాడు. "బుచ్చారెడ్డి పటేలు!"

పేరు వినగానే అరవై ఒక్క తలలు వంగాయి. జోడించిన చేతులు గుండెల దగ్గర ఆగాయి. జములమ్మ చేతులు కూడా అట్లాగే జోడించి ఉన్నాయి. ఒక్క చెయ్యీ పైకి లేవలేదు.

గిర్దావరు కళ్లు నలుపుకొని మళ్లీ చూశాడు. "చేతులెత్తండి!"

తలలు ఇంకా కిందికి పోయాయి.

ముందు వరసలో వెంకటయ్య ఉన్నాడు, తన కొద్దిపాటి పట్టాతో పాటు పటేలు భూమిని పాలుకు చేసేవాడు. అతని కుడి చెయ్యి జోడు వదిలింది. మెల్లగా భుజందాకా లేచింది. జములమ్మ అతని వైపు తల తిప్పింది. వెంకటయ్య చూపు రుమాలు మీద పడింది. బక్కయ్య వీపు మీదికి ఆనాడు బండను ఎత్తిన నలుగురిలో అతనొకడు. భుజందాకా వచ్చిన చెయ్యి దిగి, రెండో చేతిని వెతుక్కున్నది.

అరుగు మీద గోవిందు చెయ్యి లేపాడు. "గీత బయట లెక్క లేదు" అన్నాడు గిర్దావరు. గోవిందు అరుగు దిగబోయాడు. "కూసో!" అని పటేలు గుర్రుమంటే ఉన్నచోటనే కూలబడ్డాడు.

పటేలు లేచి నిలబడ్డాడు. "లేపుండ్రిరా చేతులు! చెవులు పనిజేస్తలేవా?"

ఎంత గట్టిగా అరిస్తే అంత వంగారు. కొందరి నొసళ్లు మట్టికి తాకాయి.

"ఏం సంగతి?" అని తహసీల్దారు ఈరన్నను అడిగాడు.

ముసలివాడు జోడించిన చేతులు విప్పకుండానే జవాబు చెప్పాడు. "సర్కార్, మా పటేలు ముందల ఒంటి చెయ్యి లేపేది లేదు. ఇంతకుముందు ఒకడు లేపిండు. వాని పెండ్లాం గాడ కూసున్నది, అడుగుండ్రి."

తహసీల్దారు రుమాలు వైపు చూశాడు. ఆ తర్వాత పటేలు వైపు తిరిగాడు. "మీరూ పట్టాదారులే. గీత లోపలికి వచ్చి మీ చెయ్యి మీరు లేపుకోవచ్చు."

పటేలు సున్నం గీతను చూశాడు. దాని అవతలి దుమ్మును చూశాడు. యోసేపు పక్కన మనిషి కూర్చునేంత జాగా ఖాళీగా ఉంది. చెప్పు ఒకటి ముందుకు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"వీళ్ల నడుమ కూసోని నా ఓటు నేనే అడుక్కోవాల్నా? ఆ చాకలిదానికి ఎవడు లేపుతడో చూస్త. పిలువుండ్రి!"

గిర్దావరు రాసుకున్నాడు. "బుచ్చారెడ్డి పటేలు, సున్న. చాకలి జములమ్మ!"

జములమ్మ లేచి నిలబడింది. మూడేండ్లుగా పటేలు ముందు జోడించిన చేతులను విడదీసింది. ఎడమ చెయ్యి రుమాలు మీద పెట్టుకొని, కుడి చేతిని తలకు పైగా చాపింది. చౌడుకు వేళ్ల సందులు ఒరుసుకుపోయిన చెయ్యి అది. పటేలు కళ్లలోకి చూస్తూనే ఉన్నది.

ఆమె తప్ప ఇంకెవరూ చెయ్యి లేపలేదు. ఆమె అడగనూ లేదు.

"ఒకటి" అన్నాడు గిర్దావరు.

"మల్ల పెట్టుండ్రి!" పటేలు కేకలేశాడు. "గిది లెక్క గాదు! మోసం!"

తహసీల్దారు పుస్తకం మూశాడు. "ఈ ఊరికి దండం నేర్పింది నేను కాదు పటేల్ సాబ్" అని, వేలిముద్ర వేయమని కాగితం జములమ్మ ముందుకు తోశాడు.

తెల్లారి మాన్యం గుంజుకోవడానికి ఎవరూ రాలేదు. పంచాయితీ పెద్ద భూమి మీద చెయ్యి వేస్తే సర్కారుకు జవాబు చెప్పాలని గోవిందు పటేలుకు నచ్చజెప్పాడట. జములమ్మ రేవు నుంచి తడి మూట తల మీద పెట్టుకొని పటేలు ఇంటి ముందుగా వచ్చింది. పటేలు అరుగు మీద ఉన్నాడు. ఆమె ఒక చేత్తో మూట పట్టుకొని, రెండో చెయ్యి ఎత్తింది.

"దండం పటేలా."

పటేలు లేవబోయాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి నిలబడ్డారు. అతను ఒక్కొక్కరినే చూశాడు. బండ ఎత్తడానికి పిలవదగినవాడు ఒక్కడూ కనబడలేదు. పంచె సర్దుకొని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గడియ పడ్డ చప్పుడు వినేదాకా జములమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి పటేలు అరుగు మీద కూర్చోవడమే మానేశాడు. అప్పుడు ఆమె మూసిన తలుపుకే చెయ్యి ఎత్తి, లోపలికి వినబడేట్టు దండం చెప్పి పోయేది.

"గెలిచినవ్ గదనే. ఇంక చాలు" అన్నది రాములమ్మ రేవులో. "ఆ రుమాలు ఇటు తే, ఇద్దరం కలిసి ఉతుకుదాం."

"ఉండనియ్యక్కా."

"ఎన్ని దినాలే ఇంక?"

 జములమ్మ పటేలు పంచెను పిండి, మూటలో వేసి, తలకెత్తుకున్నది. రేవు నుంచి ఇంటికి చింతచెట్ల వెనకగా దగ్గరి దారి ఉంది. ఆమె అటు పోలేదు.