పరంజ్యోతమ్మ గుమ్మం తెర

నేను ఒక తప్పుతో పుట్టిన లేసు తెరను. ఆ తప్పే లేకపోతే ఈపాటికి ఏ చలిదేశంలోనో అద్దాల కిటికీకి వేలాడుతూ మంచు కురవడం చూస్తుండేదాన్ని. ఇక్కడి పండగలూ చావులూ నాకు అంటేవి కావు.

నర్సాపురానికి అవతల, గోదావరి సముద్రంలో కలవబోయే చోట ఒక ఊళ్లో నన్ను అల్లారు. అక్కడి క్రైస్తవుల వీధిలో ఆడవాళ్లందరిదీ లేసు పనే. వంట అయ్యాక అరుగు మీద చేరి, ఒళ్లో దారపుండ పెట్టుకుని, సూదితో పువ్వు తర్వాత పువ్వు అల్లుతారు. నోరు ఊళ్లో సంగతులన్నీ తిరగేస్తూనే ఉంటుంది, వేళ్లు మాత్రం వాటి పని అవి చూసుకుంటాయి. పువ్వుల్ని వరసగా అతికితే తెర అవుతుంది. ఆ తెరను విదేశాలకు పంపే ఏజెంటు సంచిలో వేసుకుపోతాడు. లోకానికంతటికీ తెరలు అల్లిపెట్టే ఆ మనుషులకు దక్కేవి ఏజెంటు వద్దని తిప్పికొట్టినవే. అందుకని మా వీధిలో ప్రతి గుమ్మానికీ ఏదో ఒక తప్పు వేలాడుతుంటుంది. దూరం నుంచి చూసేవాళ్లు ఎంత బాగుందో అనుకుంటారు.

నన్ను అల్లింది పరంజ్యోతి. అప్పటికి ఆమె ఆ ఇంటికి కొత్తకోడలు, పైగా నెల తప్పింది. వేవిళ్లతో కళ్లు తిరుగుతున్నా పని ఆపకుండా నన్ను పూర్తిచేసింది. ఏజెంటు నన్ను వెలుతురుకు పట్టి చూసి, ఒకచోట వేలు పెట్టాడు.

"అన్ని పువ్వులూ మనేపు చూత్తా ఉంటే ఇదొక్కటీ అలిగి అటు తిరిగి కూకుందేంటమ్మా?" అన్నాడు.

నిజమే. కింది వరసలో ఒక పువ్వు తిరగేసి అతుక్కుపోయింది. నెలల తరబడి అల్లినది తిరిగి చేతికి వచ్చేసరికి పరంజ్యోతి బావురుమంది. అత్తగారు కడుపుతో ఉన్న పిల్ల అని కూడా చూడకుండా సాధించి సాధించి, చివరికి నన్ను తీసుకెళ్లి వీధి గుమ్మానికి కట్టింది. కట్టాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "బానే ఉందిలే" అంది. మనుషులు ఇంతే, పోయిందని సాధించిన నోటితోనే మెచ్చుకుంటారు.

కడుపులో ఉన్నవాడు పుట్టి, నతానియేలు అని పేరు పెట్టించుకుని, నా అంచు పట్టుకునే నిలబడడం నేర్చుకున్నాడు. మా వీధిలో ఇళ్లన్నీ ఒక్క పోలికే. ఆడుకుని వచ్చేటప్పుడు వాడు గుమ్మం గుమ్మానికీ ఆగి, తెర కింది వరసలో వేలు పెట్టి తడిమి చూసేవాడు. తిరగబడిన పువ్వు తగిలిందంటే అది వాడి ఇల్లు. మీసాలు వచ్చి, బోటు మీద ఇంజను పనికి కుదిరాక కూడా ఆ అలవాటు పోలేదు. వేట నుంచి వచ్చి, చెప్పులు విడిచి, వంగి ఆ పువ్వును ఒకసారి తాకి లోపలికి వచ్చేవాడు. వాడి వేళ్లకున్న డీజిలు వాసన నాకు ఇష్టమని కాదు గానీ, అలవాటైపోయింది.

మా వీధిలో ఈస్టరు గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటు మొదలయ్యే బుధవారం ఇంటింటా తెరలు దింపేస్తారు. ఆ శ్రమదినాలన్నీ గుమ్మాలు బోసిగా ఉంటాయి. ఈలోగా ఎండ ముదురుతుంది, వేపచెట్లు ఎర్రగా చిగిర్చి తెల్లగా పూస్తాయి, గాలి వీస్తే మామిడి పిందెలు రాలుతాయి. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం దాటగానే గోడలకు సున్నం, ఇల్లంతా కడుగుళ్లు. శుభ శుక్రవారం ఎవరూ దేన్నీ ముట్టరు. శనివారం పొద్దున మమ్మల్ని ఉతికి, నీలిమందులో ముంచి, గంజి పెట్టి, నులకమంచాల మీద నాలుగు పక్కలా లాగి కట్టి ఆరబెడతారు. ఆదివారం తెల్లవారుతుండగా ఊరంతా సమాధుల తోటలో ఆరాధన చేసుకుంటుంది. అది ముగించుకుని ఇంటికి వచ్చి, ఇంటికి పెద్దదైన ఆడమనిషి తెర కడుతుంది. ఆ పైన కొబ్బరాకు తోరణం, లిల్లీ పూల దండ. గుమ్మానికి తెర పడితేనే ఆ ఇంటికి పండగ.

ఆ ఏడు చావు చూసిన ఇంటికి ఇంకొక పద్ధతి ఉంది. ఆ ఇంటి తెరను ముందు సమాధుల తోటకు తీసుకువెళ్లి, పోయిన మనిషి సమాధి మీద పరుస్తారు. ఆరాధనలో చర్చి అయ్యగారు ఆ మనిషి పేరు పిలుస్తారు, అది అయ్యాక తెరను దులిపి తెచ్చి గుమ్మానికి కడతారు. అంతటితో ఏడుపు తీరినట్టు, పండగ మళ్లీ ఇంట్లోకి వచ్చినట్టు. పరంజ్యోతమ్మ భర్త సీమోను కామెర్లతో పోయిన ఏడు నేనూ అలా వెళ్లి వచ్చాను. కొత్త సమాధి మీద పచ్చిమట్టి నాకు అంటుకుంది. ఇంటికి వచ్చాక ఆవిడ దాన్ని గోటితో మెల్లగా గీరింది.

నతానియేలుకు పాలకొల్లు వైపు పిల్ల సలోమితో పెళ్లి చేశారు. ఆ అమ్మాయి కాపురానికి వచ్చిన రెండో ఏడు, తుపాను గాలికి వేటకు వెళ్లిన నతానియేలు వాళ్ల బోటు తిరగబడింది. మిగతావాళ్ల శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నతానియేలు రాలేదు.

"శవం లేకుండా చావేంటి? నా కొడుకు వత్తాడు" అంది పరంజ్యోతమ్మ. అన్నది ఒకసారే. ఆ తర్వాత ఆ మాట మీదే బతికింది.

లెంటు వచ్చింది. వీధిలో తెరలన్నీ దిగిపోయాయి. సలోమి కుర్చీ ఎక్కి నన్ను విప్పబోతే అత్తగారు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తియ్యకే. ఆడొచ్చేసరికి గుమ్మం బోసిగా ఉంటే ఎవరిల్లనుకుంటాడు?"

నిండు మనిషి, పుట్టిపెరిగిన ఇల్లు, కనుక్కోలేకపోతాడా? ఆ సంగతి ఆవిడకు చెప్పగలిగినవాళ్లు ఆ వీధిలో లేరు. సలోమి కుర్చీ దిగింది. నేను గుమ్మానికే ఉండిపోయాను.

దించని తెరను మళ్లీ కట్టేదేముంది? ఆ ఇంటికి ఈస్టరు రావడం మానేసింది. సున్నం వెయ్యబోతే "ఆడొచ్చాక ఏద్దాం" అనేది ఆవిడ. లిల్లీ దండ తెస్తే పక్కింటికి ఇచ్చెయ్యమనేది. వీధంతా తెల్లగా విచ్చుకున్న రోజున మా గోడలు మాసి, తోరణం లేక, నేను బూడిదరంగులో వేలాడుతుండేదాన్ని. సముద్రం మీది ఉప్పుగాలి దారానికి శత్రువు. ఏటా ఒక ఉతుకు పడితే తట్టుకుంటాం గానీ, అలా వదిలేస్తే లోలోపల కుళ్లిపోతాం. నేను కుళ్లిపోతున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

సలోమి సంగతి నాకంటే అన్యాయం. మెళ్లో తాళి చూసి మాట్లాడే ఊళ్లో ఆమెను భార్య అనాలో విధవ అనాలో తెలియక, చాలామంది అసలు మాట్లాడ్డమే మానేశారు. పెళ్లిళ్లకు ఆమెను పిలిచేవాళ్లు కారు, పరామర్శకు ఎవరూ వచ్చేవాళ్లు కారు. అన్న వచ్చి తీసుకుపోతానంటే కాఫీ ఇచ్చి పంపేసేది. అత్తగారిని ఒక్కతెను చేసి వెళ్లడం ఆమెకు చేతకాలేదు. ఆమె అడిగింది ఒక్కటే.

"సమాధుల తోటలో ఆయన పేరు ఒక్కసారి పిలిపించండి అత్తయ్యా. ఆ తరవాత నేనెలాగైనా బతుకుతాను. నేనేంటో నాకు తెలవాలి కదా."

ఆ మాట అడిగినప్పుడల్లా పరంజ్యోతమ్మ అన్నం మానేసేది. మళ్లీ సలోమే బతిమాలి తినిపించేది. ఏళ్లు అలా గడిచాయి.

ఒక ఏడు, మట్టలాదివారం వెళ్లిన మర్నాడు, సలోమి ఎవరినీ అడగకుండా బకెట్టులో సున్నం కలిపింది.

"ఇల్లు మురికిగా ఉందత్తయ్యా, నేను గోడలకి సున్నమేసుకుంటాను. మీ గుమ్మం జోలికి రాను" అని కుంచె ముంచింది. ఆ గొంతు విని పరంజ్యోతమ్మ కాదనలేకపోయింది.

గోడ తెల్లబడుతూ గుమ్మం దాకా వచ్చింది. కుంచె ఊపుకు సున్నపు చుక్కలు నా మీద పడుతున్నాయి. పెద్దావిడ గబగబా వచ్చి, నన్ను దగ్గరికి పోగుచేసి, ఒక పక్కకు లాగింది. మెల్లగానే లాగింది. అయినా కింది వరస మొత్తం ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. నాకు నొప్పి తెలియలేదు. అంతగా చచ్చిపోయి ఉన్నాను.

పరంజ్యోతమ్మ తన గుప్పిట్లోని ముక్కల్ని చూసింది. దారాన్ని వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది. జీవితమంతా దారంతో గడిపిన మనిషికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. కొడుకు కోసమని దాచినదాన్ని తన చేత్తోనే పాడుచేసుకున్నానని ఆవిడకు తెలిసింది. కుర్చీ తెమ్మంది. ఇన్నేళ్లకు తన చేతులతో నన్ను విప్పి దింపింది.

ఇద్దరూ నన్ను అరుగు మీద పరుచుకుని, బాగుచెయ్యడానికి చెరో వైపూ కూర్చున్నారు. పాత పువ్వుల్లో నిలిచేవి నిలిచాయి, మిగతావి కొత్తగా అల్లుకోవాలి. ఆ వారమంతా అదే పని. కింది వరస చివరికి వచ్చాక సలోమి ఒక పువ్వు అల్లి, అత్తగారి ముఖం చూసి, దాన్ని తిరగేసి పెట్టింది. ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే. అందులో ఆమెకు ఉన్న ప్రేమంతా ఉంది.

పరంజ్యోతమ్మ సూది ఆపింది.

"తిరగెయ్యకు. అన్నిటిలాగే పెట్టు" అంది.

సలోమి చెవికి ఆ మాట ఎక్కినట్టు లేదు.

"సరిగ్గా పెట్టవే అమ్మా. ఇంక గుర్తుపట్టడానికి ఎవరూ రారు."

సలోమి పువ్వును తిప్పి అతికింది. ఏ ఏజెంటూ వంక పెట్టలేని తెరను అయ్యాను నేను. అంత దిగులు నేను ఎన్నడూ ఎరగను.

ఈస్టరు తెల్లవారుజామున నన్ను గంజి వాసనతో మడిచి సమాధుల తోటకు తీసుకువెళ్లారు. సమాధులన్నిటి మీదా కొవ్వొత్తులు, బంతిపూలు. సీమోను సమాధి పక్కన గడ్డి మొలిచిన ఖాళీ నేల ఉంది. పరంజ్యోతమ్మ వంగి ఆ నేల మీద నన్ను పరిచింది. కింద మనిషి లేడని నాకు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకూ తెలుసు. అయినా నా నాలుగు మూలలా ఎవరో కొవ్వొత్తులు తెచ్చి పెట్టారు.

మా అయ్యగారు ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నారు. పేరు పిలిస్తే, క్రీస్తు లేచినట్టే పోయినవాళ్లూ ఒకనాడు లేస్తారన్న నమ్మకంతో, ఆ ఇంటివాళ్లు "లేస్తాడు" అనో "లేస్తుంది" అనో గట్టిగా చెప్పాలి. భార్య ఉంటే భార్యే చెప్పాలి. ఆఖరి పేరు అయ్యాక పరంజ్యోతమ్మ నిలబడింది.

"నా కొడుకు కూడా ఉన్నాడయ్యగారూ. పిలవండి."

ఆయన "నతానియేలు" అన్నారు.

అందరూ సలోమి వైపు తిరిగారు. ఇన్నేళ్లుగా ఆ పేరు పిలిపించమని ప్రాధేయపడింది ఆమే. ఆమె గడ్డిలో కూలబడి, నా అంచును రెండు చేతులా గుప్పిట పట్టుకుంది.

"వద్దత్తయ్యా. ఇంకొక్క ఏడు చూద్దాం. వచ్చే ఏడు పిలిపిద్దాం. ఆయనొస్తే?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఎదురుచూసింది ఒక్కరే అని మేమంతా అనుకున్నాం. పెద్దావిడ వస్తాడని అంటున్నంతకాలం చిన్నది రాడని అనగలిగింది. ఇప్పుడు ఆ మాట మొయ్యడానికి తనొక్కతే మిగిలింది.

పరంజ్యోతమ్మ కోడలి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసింది.

"చూశానే తల్లీ. నీ వంతు కూడా నేనే చూశాను. ఇంక నావల్ల కాదు. చెప్పెయ్."

ఎవరూ తొందరపెట్టలేదు. కొవ్వొత్తి ఒకటి గాలికి ఆరిపోతే వెనకనుంచి ఎవరో మళ్లీ వెలిగించారు.

"లేస్తాడు" అంది సలోమి. నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది. సలోమి ఊపిరి పీల్చుకుని, తోటంతా వినపడేలా ఇంకొకసారి అంది.

ఇంటికి వచ్చాక తెర కట్టవలసింది పెద్దదైన పరంజ్యోతమ్మ. ఆవిడ నన్ను దులిపి కోడలి చేతిలో పెట్టింది. సలోమి కుర్చీ ఎక్కి కట్టింది. కొత్త సున్నం గోడల మధ్య, లిల్లీ దండ కింద, నేను మళ్లీ తెల్లగా పరుచుకున్నాను. కుర్చీ దిగాక ఆ అమ్మాయి అక్కడే నిలబడి నన్ను ముఖానికి అదుముకుని ఏడ్చింది. అన్నాళ్ల ఏడుపూ ఆ పొద్దునే ఏడ్చింది. గంజి మెత్తబడిపోయింది, సగం తెర తడిసి ముడతలు పడింది. కాసేపటికి తనే చూసుకుని, కంగారుగా అంచులు సాగదీస్తూ, "అయ్యో, పాడుచేసేశానత్తయ్యా" అంది.

"పోనీలే, తుడుచుకో" అంది పరంజ్యోతమ్మ. "వచ్చే లెంటుకి దింపి ఉతుక్కుంటాం కదా."